నవోదయ పరీక్ష వ్రాసే బిడ్డ



ఐదవ తరగతి బిడ్డలు ఆరవ తరగతిలో చేరడానికి వ్రాసే నవోదయ ప్రవేశ పరీక్షను గూర్చి ఈ నెల ఆలోచిద్దాం. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ బిడ్డలవే. చదువు, వసతి, భోజనం ఉచితం. కాని ఈ పరీక్ష ఒక్కసారే వ్రాయనిస్తారు. అందుచేత ఇంట్లో భయం చేరుతుంది.

"మాకు అక్షరం రాదు, మేమేమి సహాయం చేయగలం అయ్యగారూ?" అని సంఘాలలో మమ్మును అడుగుతుంటారు. చేయగలరు. ప్రశ్నలు 80, సమయం 2 గంటలు, తెలుగులోనే వ్రాయవచ్చు. 40 ప్రశ్నలు బొమ్మల పోలికలు, తేడాలు కనిపెట్టేవి. 20 లెక్కలు, 20 భాషకు చెందినవి. రోజూ అన్నాలైన తరువాత ఒక పేరా పైకి చదివించి, "ఇందులో ఏముందో చెప్పు నాన్నా" అని అడగండి. సంతలో చిల్లర లెక్క బిడ్డతోనే కట్టించండి. వారానికొకసారి గడియారం ఎదుట పెట్టి పాత ప్రశ్నపత్రం చేయించండి. జవాబు గుండ్రాన్ని పెన్నుతో నిండుగా దిద్దడం అలవాటు చేయించండి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు గనుక ఏ ప్రశ్ననూ వదలవద్దని చెప్పండి.

ఒక్కొక్క విద్యాలయంలో ఆరవ తరగతికి తీసుకునేది 80 మందికి మించదు. వ్రాసేవారు దానికి ఎన్నో రెట్లు. కనుక ఎక్కువమంది పేర్లు జాబితాలో ఉండవు. ఆ దినాన ఏమనాలో ఇప్పుడే నిశ్చయించుకుందాం. "పక్కింటివాడికి వచ్చింది, నీకేం రోగం?" అన్న మాట పదేళ్ల మనసులో నుండి త్వరగా పోదు. ఆ రాత్రి కూడా ఎప్పటిలాగే పక్కన కూర్చోబెట్టుకొని అన్నం పెడదాం. మరునాడు ఊరి బడికి పంపుదాం. సాయంకాలపు చదువు మాత్రం మాననివ్వవద్దు.