అడిగిన పిల్లాడిదా తప్పు?

మన చంద్రశేఖరపురంలో ఫోన్ తెరిస్తే చాలు, 30 నిమిషాల్లో పిజ్జా తెస్తామంటుంది డొమినోస్. కేఎఫ్‌సీ బకెట్టు నోరూరిస్తుంది. ఆ కొట్లు మన మండలంలో ఎక్కడున్నాయి? పైగా ఆ ప్రకటన ఆడేది మీరు కూలి డబ్బుతో వేయించుకున్న రీచార్జి మీదే!

"ఉన్నదానితో తృప్తిపడమని పిల్లలకు వాక్యం చెప్పండి పాస్టరుగారూ" అంటున్నారు కొందరు. నేను చెప్పను. రానిదాని గురించి ఊరించడం మనకు కొత్తా? వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో. ఆ నీళ్ల విషయంలో తృప్తిపడమంటే మీరు ఊరుకుంటారా? ఆశ పెట్టినవాణ్ణి వదిలేసి, అడిగిన పసివాణ్ణి తిట్టడం న్యాయమా?

మీ ఇళ్లలో నాటుకోడి పులుసు, సద్ద సంగటి నాకు ప్రాణం, అది వేరే సంగతి. ఈసారి పట్నం పోయినప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుపోండి. ఒక ముక్క తిని, బాగుందో లేదో వాళ్లే చెబుతారు.