మంచం మీదే ఆపరేషనా?

'వెంటిలేటర్ మీద ఉన్న మీ నాన్నగారికి గొంతు దగ్గర రంధ్రం చేయాలి. ఐసీయూలో మంచం మీదే చేస్తాం. సంతకం పెట్టండి'... ఈ మాట వినగానే ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. థియేటర్‌కు తీసుకెళ్లకుండా ఆపరేషన్ ఏమిటని అనుమానం. ఇది ఖర్చు తగ్గించే ఉపాయమో, నిర్లక్ష్యమో కాదు. దీని పేరు ట్రెకియాస్టమీ.

నోటిగుండా వేసిన గొట్టం చాలా రోజులుంటే స్వరపేటిక దెబ్బతినొచ్చు. మెడ దగ్గర వేస్తే మత్తుమందు తగ్గించొచ్చు, కఫం తీయడమూ తేలిక. అలాగని తొందర అక్కర్లేదు. బ్రిటన్‌లో 909 మందిపై జరిగిన ట్రాక్‌మ్యాన్ అధ్యయనం 2013లో వెలువడింది. నాలుగు రోజుల్లోపు చేసినా, పది రోజులు ఆగినా మరణాల్లో తేడా కనిపించలేదు. ఆగినవారిలో సగానికి పైగా మందికి చివరికి అది చేయనే లేదు. కాబట్టి 'ఇంకొన్నాళ్లు చూడొచ్చా?' అని అడగడంలో తప్పులేదు.

మరి మంచం మీదే ఎందుకు? వెంటిలేటర్‌తో, మందుల పంపులతో రోగిని థియేటర్‌దాకా తరలించడమే ఒక గండం. దారిలో ఏ గొట్టం ఊడినా ముప్పే. 1985లో సియాగ్లియా అనే అమెరికా సర్జన్ సూది, సన్నటి తీగ, రంధ్రాన్ని మెల్లగా వెడల్పు చేసే సాధనాలతో కొత్త పద్ధతిని వివరించారు. కోతతో చేసే పాత పద్ధతి కన్నా ఇందులో గాయానికి చీము పట్టడం తక్కువని 2016 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. అయితే ఇది అందరికీ సరిపడదు. చిన్నపిల్లలకు, మెడలో పెద్ద గడ్డ ఉన్నవారికి, రక్తం సరిగా గడ్డకట్టనివారికి వేరే దారి చూడాల్సి రావొచ్చు.

అసలు భద్రత గదిలో లేదు, సన్నద్ధతలో ఉంది. సంతకానికి ముందు ఇవి అడగండి:

* చేసేవారికి అనుభవం ఉందా? అవసరమైతే కోత పెట్టగల సర్జన్ అందుబాటులో ఉన్నారా?

* లోపలికి చూసే బ్రాంకోస్కోప్ వాడతారా?

* వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ ఉందా? గొట్టం శ్వాసనాళంలోనే ఉందని చెప్పేది అదే.

* గొట్టం ఊడితే ఏం చేస్తారు? మొదటి వారం రంధ్రం ఇంకా కుదురుకోదు. అప్పుడు ఊడితే ప్రాణాపాయం.

గొట్టంతోనే ఇంటికి పంపితే జాగ్రత్తలు మీవంతు. ఉప్పల్ దాటి మేడిపల్లి దాకా వెళ్లేవారైనా, ఇంకెక్కడివారైనా కఫం తీయడం ఆసుపత్రిలోనే నేర్చుకోండి. సక్షన్ యంత్రం, కరెంటు పోతే పనికొచ్చే చేతి పంపు, మరో గొట్టం సిద్ధంగా పెట్టుకోండి. అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి వెళ్లాలో ముందే తెలుసుకోండి.

'ఇక మాట రాదా?' అని బెంగపడొద్దు. గొట్టం ఉండగా గొంతు పెగలకపోవచ్చు. తీసేశాక చాలామందికి తిరిగొస్తుంది. అప్పటిదాకా పలకా బలపం మంచం పక్కన ఉంచండి.