గిడుగు రామమూర్తి గారికి మనం బాకీ పడ్డ బడి

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల ప్రజలకు, ఉపాధ్యాయులకు, ప్రజాప్రతినిధులకు విజ్ఞప్తి



ఏటా ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేస్తాం. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాం. పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టి, మిఠాయి పంచి ఇళ్లకు వెళ్తాం. తెలుగు భాషా దినోత్సవం ముగుస్తుంది. ఆ రోజు మనం తలచుకునేది ఆయన చేసిన పనిలో సగమే. మిగతా సగం కొండ మీద ఉంది. అది అక్కడే ఆగిపోయింది.

పంతులు గారు మనవారు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరం మహారాజా వారి బడిలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనకు తోటి విద్యార్థి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్ఫై రూపాయల జీతానికి చరిత్ర చెప్పే పంతులుగా చేరారు. ఆ ఊరి చుట్టూ కొండల్లో సవరలనే గిరిజనులు ఉండేవారు. సంతకు వచ్చిన సవర తూకంలో మోసపోయేవాడు, కాగితం మీద ఏముందో తెలియక వేలిముద్ర వేసేవాడు. అందరూ చూస్తున్నదే. పంతులు గారు మాత్రం చూసి ఊరుకోలేదు.

ముందు వాళ్ల భాష నేర్చుకుందామనుకున్నారు. నేర్చుకుందామంటే పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఒక్కొక్క మాటా అడిగి రాసుకున్నారు. అంటూ మైలా గట్టిగా పాటించే రోజుల్లో, బ్రాహ్మణ గృహస్థు ఇంట్లో కొండ మనిషి గురువు స్థానంలో కూర్చున్నాడు. కుల సమానత్వం గురించి ఎన్ని ఉపన్యాసాలు చెప్తే దీనికి సాటి వస్తాయి?

నేర్చుకున్న భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆ శ్రమను మెచ్చి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు మంచి బడి పెట్టమని అడిగారు. ముప్ఫై అయిదేళ్ల కృషి ఫలించి 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. అప్పటికి ఆయన వయసు డెబ్భై అయిదు. మరి రెండేళ్లకు, 1940 జనవరి 22న కన్నుమూశారు.

వాడుక భాష ఉద్యమాన్నీ సవర బడినీ మనం వేరు వేరుగా చూస్తున్నాం. ఆయనకు రెండూ ఒకటే పని. కులం మనిషిని బావి దగ్గర ఆపింది, గుడి దగ్గర ఆపింది. బడి దగ్గర ఆపడానికి భాషను అడ్డం పెట్టింది. తాతల నాటి నుంచి ఇంట్లో పుస్తకాలున్న పిల్లవాడికి గ్రాంథికం పట్టుబడుతుంది. నాగలి పట్టిన ఇంటి పిల్లవాడికి నోరు తిరగదు. తప్పు పిల్లవాడిది కాదనీ, గడప ఎత్తు పెంచినవాళ్లదనీ పంతులు గారు గుర్తించారు. ఊళ్లో ఆ గడప గ్రాంథికమైతే కొండ మీద తెలుగే గడప అయింది.

ఇప్పుడు ఆ గడప పోయిందా? మాలో ఒక మాస్టారు చెప్పిన సంగతి వినండి. సవర గూడేనికి కొత్తగా వెళ్లిన రోజుల్లో ఆయన ఒకటో తరగతిలో బొమ్మల అట్ట పట్టుకుని, చీపురు బొమ్మ మీద వేలు పెట్టి "ఇదేటి?" అని అడిగారు. ముందు వరసలో ఉన్న గుంటడు నోరు విప్పలేదు. రెండోసారి అడిగితే తల దించుకున్నాడు. మాస్టారు వాడి పేరు పక్కన "వెనకబడిన విద్యార్థి" అని రాసుకున్నారు. వాళ్లమ్మ కొండచీపుర్లు కోసి, ఆరబెట్టి, కట్టలు కట్టి సంతకు తెచ్చే మనిషి. గడ్డి ఎప్పుడు కోయాలో, ఎన్నాళ్లు ఎండనివ్వాలో, కట్ట ఎలా బిగించాలో ఆ గుంటడికి తెలుసు. చీపురు గురించి మాస్టారికంటే వాడికే ఎక్కువ తెలుసు. వాడికి తెలియనిది తెలుగు మాట. "వాడి భాష నాకు రాదన్న సంగతి రెండేళ్లకు గానీ నా బుర్రకెక్కలేదు, వెనకబడింది నేను" అన్నారాయన.

సవర మన తెలుగుకు యాస కాదు, చుట్టం కూడా కాదు. సంతాలీ, ముండారీల కుటుంబానికి చెందిన ముండా భాష. అయిదేళ్ల పిల్లవాడిని ఒక్కసారిగా తెలుగులోనో ఇంగ్లీషులోనో కూర్చోబెట్టడమంటే, మన పిల్లల్ని తీసుకెళ్లి చైనా బడిలో కూర్చోబెట్టినట్టే.

ఇది మేం కొత్తగా కోరుతున్నది కాదు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమని రాజ్యాంగం 350–ఎ అధికరణ చెప్తోంది. 2009 విద్యాహక్కు చట్టమూ, 2020 జాతీయ విద్యావిధానమూ ఆ మాటే అన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారు చేశారు కూడా. దారి ఉంది. దాని మీద నడక సాగాలి.

"సవరలో చదివితే ఉద్యోగాలొస్తాయా? ఇంగ్లీషు కావాలి గానీ" అని అడుగుతారు. నిజమే, ఇంగ్లీషు కావాలి, తెలుగూ కావాలి. సవరలో రెండేళ్లు అక్షరం కుదురుకున్న పిల్లవాడు ఆ తర్వాత ఏ భాషనైనా అందుకుంటాడు. పునాది లేని ఇంటికి మేడ కట్టమనడం ఇంగ్లీషు మీద ప్రేమ అనిపించుకోదు. "లిపి లేదు కదా" అంటారు మరికొందరు. ఒడిశాలో మంగేయ్ గొమాంగో 1936లోనే సవరకు సొరాంగ్ సొంపెంగ్ లిపిని తయారు చేశారు. ఇటువైపు తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. ఏ లిపి కావాలో సవర పెద్దలే తేలుస్తారు. అంతవరకూ బడి ఆగనక్కర్లేదు.

అందుకే మేం కోరుతున్నవి ఇవి:

1. సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, మెళియాపుట్టి, మందస మండలాల్లో సవర పిల్లలు ఎక్కువగా ఉన్న ప్రతి ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు సవరలోనే నడపాలి. మూడో తరగతి నుంచి తెలుగునూ ఇంగ్లీషునూ మెట్టు మెట్టుగా పెంచాలి.

2. అలాంటి ప్రతి బడిలో సవర వచ్చిన ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో ఉండాలి. చదువుకున్న సవర యువతీయువకులను శాశ్వత పద్ధతిలో తీసుకోవాలి. ఏటేటా జీతం కోసం ఎదురు చూసే వాలంటీరు పని పెట్టి చేతులు దులుపుకోవద్దు.

3. కొండ ప్రాంతానికి బదిలీ అయ్యే ప్రతి ఉపాధ్యాయుడికి చేరే ముందే సవర మాట్లాడడంలో శిక్షణ ఇవ్వాలి. గిడుగు వారు ఒంటరిగా, పుస్తకం లేకుండా నేర్చుకున్నది మనం జీతం తీసుకుంటూ నేర్చుకోలేమా?

4. గిడుగు వారి సవర వ్యాకరణాన్నీ నిఘంటువునూ తెలుగు వివరణలతో మళ్లీ అచ్చు వేసి ఆ బడులన్నిటికీ పంపాలి.

5. ఆగస్టు 29 సభల్లో ఒక సవర విద్యార్థి సవరలో మాట్లాడాలి. వేదిక మీదివాళ్లు అర్థం కాక కాసేపు మౌనంగా కూర్చోవాలి. ఆ గుంటడు రోజూ ఎలా కూర్చుంటున్నాడో అప్పుడు తెలుస్తుంది.

మాస్టార్లూ, మీ బడి తీర్మానం రాసి మండల విద్యాశాఖాధికారికి ఇవ్వండి. సర్పంచులూ, గ్రామసభలో ఈ మాట ఎత్తండి. సవర అన్నదమ్ములూ, అక్కచెల్లెళ్లూ, మీ భాష బడిలోకి రావాలని గట్టిగా అడగండి. అది మీ హక్కు.

పారితోషికం ఇస్తామన్నప్పుడు పంతులు గారు అడిగింది ఒక బడి. ఈసారి ఆయన పటానికి దండతో పాటు ఆ బడి కోసం ఒక సంతకం కూడా పెట్టండి.

ఇట్లు,
మూడు జిల్లాల ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు