జిగర్ చేసే ఖిద్మత్

ప్రాణస్నేహితుణ్ని మనం జిగరీ దోస్త్ అంటాం. ధైర్యం ఉన్నవాణ్ని జిగర్ ఉన్నోడు అంటాం. ఉర్దూ మీడియం బడిలో జిగర్ అని చదివి, డిగ్రీలో కాలేయం అని రాసిన నాకు మొదటి పేరే సరైనదనిపిస్తుంది. రోజా ఉండేది మనమే గానీ, మగ్రిబ్ దాకా మనల్ని నిలబెట్టేది జిగరే. ఈ సంగతి తెలియక షుగర్ ఉన్న మన పెద్దవాళ్లు రంజాన్‌లో ఖతరా కొనితెచ్చుకుంటున్నారు.

ముందు కొంచెం హిసాబ్ చూద్దాం. మన నెత్తురు మొత్తంలో ఏ క్షణంలోనైనా ఉండే గ్లూకోజ్ నాలుగైదు గ్రాములే, ఒక చెంచాడు. మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాములు, అంటే గంటకు 5 గ్రాములు ఖర్చు పెడుతుంది. బయటి నుంచి ఆమదనీ లేకపోతే గంటలో అంతా ఖతం కావాలి. మరి ఫజర్ నుంచి మగ్రిబ్ దాకా 13, 14 గంటలు ఎట్లా గడుస్తున్నాయి?

సెహ్రీలో తిన్న రొట్టె, అన్నం గ్లూకోజ్‌గా మారి నెత్తురులో చేరగానే ఇన్సులిన్ హుకుం జారీ చేస్తుంది: దాచిపెట్టు. జిగర్ ఆ గ్లూకోజ్ ముక్కల్ని వేలల్లో ఒకదానికొకటి కలిపి, కొమ్మలు రెమ్మలున్న చెట్టులా అల్లుతుంది. దాని పేరే గ్లైకోజెన్. గ్లూకోజ్‌ను విడిగానే పోగేస్తే అది నీళ్లు లాక్కుని కణాలు ఉబ్బి పగిలిపోతాయి. అల్లి పెడితే ఆ గొడవ లేదు. కొమ్మలు ఎక్కువ కాబట్టి అవసరం పడ్డప్పుడు అన్ని కొసల నుంచి ఒకేసారి తుంచుకోవచ్చు. నాలుగైదు గంటలు గడిచి సెహ్రీ భోజనం అరిగాక ఇన్సులిన్ తగ్గుతుంది, గ్లూకగాన్ పెరుగుతుంది. దాని హుకుం ఉల్టా: తియ్యి, పంచు.

ఈ దాపు రెండు చోట్ల ఉంటుంది. జిగర్‌లో సుమారు 100 గ్రాములు, కండరాలన్నిట్లో కలిపి 400 గ్రాముల దాకా. కానీ కండరం తన సొమ్ము తనే వాడుకుంటుంది. గ్లూకోజ్‌ను నెత్తురులోకి వదలాలంటే కావలసిన ఎంజైమ్ దాని దగ్గర లేదు. జిగర్ దగ్గర ఉంది. కండరం సొంత జేబైతే జిగర్ బైతుల్‌మాల్: ఎవరికి జరూరత్ ఉంటే వాళ్లకిస్తుంది.

ఈ రాజ్ మొదట పట్టుకున్నది ఫ్రాన్స్ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్. 1855లో ఒక కుక్క కాలేయంలోకి నీళ్లు పంపి, చక్కెర జాడ లేకుండా కడిగి పక్కన పెట్టాడు. మర్నాడు చూస్తే అందులో మళ్లీ చక్కెర! జిగర్ లోపల ఏదో దాచుకుని ఉందని అర్థమైంది. 1857లో ఆ పదార్థాన్ని విడదీసి గ్లైకోజెన్ అని పేరు పెట్టాడు. అది ఎట్లా విరుగుతుందో తేల్చిన కార్ల్ కోరీ, గెర్టీ కోరీ దంపతులకు 1947లో నోబెల్ వచ్చింది. వైద్యశాస్త్రంలో ఆ ఇనాం అందుకున్న మొదటి మహిళ గెర్టీయే.

మధ్యాహ్నం దాటేసరికి జిగర్ దాపు బాగా తగ్గుతుంది. అప్పుడది కొవ్వులోని గ్లిసరాల్, కండరాల నుంచి వచ్చే లాక్టేట్, అమైనో ఆమ్లాల నుంచి కొత్తగా గ్లూకోజ్ తయారు చేస్తుంది. తందురుస్తీగా ఉన్నవాళ్లకు ఈ ఇంతెజాం చాలు.

షుగర్ గోళీలు వేసుకునేవాళ్ల సంగతి వేరు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ లాంటివి కడుపు ఖాళీగా ఉన్నా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. సూదితో తీసుకునే ఇన్సులిన్ కూడా తిన్నారా లేదా అని అడగదు. జిగర్ పంచుదామనుకునే వేళకు ‘దాచు’ అనే హుకుం అందుతుంది. తలుపుకు తాళం పడుతుంది. నెత్తురులో చక్కెర పడిపోతుంది. చేతులు వణకడం, చెమటలు, గుండె దడ: ఇవన్నీ శరీరం మోగించే ఖతరా గంట.

మా ఖాలా ఒకామె అట్లా వణుకుతూనే తస్బీ తిప్పుతూ కూర్చుంది. గ్లూకోమీటర్‌లో 52. “మగ్రిబ్‌కు ఇంకో గంటే కదా బేటా, సబర్ చేస్తా” అంటుంది. కోడలు జబర్దస్తీగా షర్బత్ తాగించింది. ఆ కోడలు చేసింది గునా అని గొణిగినవాళ్లూ ఉన్నారు. నా ఉద్దేశంలో అది సవాబ్ పని. ఖురాన్‌లోని బఖరా సూరాలోనే బీమారీ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. తర్వాత ఖజా ఉండొచ్చు, ఎప్పటికీ చేతకానివాళ్లు ఫిద్యా ఇవ్వొచ్చు. అల్లా ఇచ్చిన రుఖ్సత్‌ను కాదనడం సబర్ ఎట్లా అవుతుంది?

డాక్టర్ల సలహా సాఫ్‌గా ఉంది: చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా వెంటనే విరమించాలి. వేలికి సూది గుచ్చి చూసుకుంటే రోజా పోదని ఉలేమా చెబుతూనే ఉన్నారు. అయినా మన గల్లీల్లో ఈ మాట చేరాల్సినంత చేరలేదు.

ఇంకో మాట. ఇంటిల్లిపాదికీ సెహ్రీ వండేది ఆడవాళ్లే. అందరికీ వడ్డించి, అజాన్ దగ్గర పడిందని రెండు గుక్కల చాయ్‌తో నియ్యత్ చేసేదీ వాళ్లే. జిగర్ ఖజానా నింపకుండా రోజంతా ఖర్చు పెట్టమన్నట్టే కదా ఇది! సెహ్రీ తినడం సున్నత్ అని మగవాళ్లం బయాన్‌లు వింటాం, చెబుతాం. ఆ సున్నత్ వంటింట్లో నిలబడ్డ మనిషికి కూడా వర్తిస్తుంది. ఆమెను ముందు కూర్చోబెట్టి తినమనండి, వడ్డించడం మనం చేద్దాం.

మస్జిద్ కమిటీలకు నా గుజారిష్. షాబాన్ నెలలో ఒక జుమా రోజు నమాజ్ తర్వాత ఒక డాక్టర్‌కు అరగంట ఇవ్వండి. ఆడవాళ్లకూ వినిపించేలా ఇంతెజాం చేయండి. ఏ గోళీ ఇఫ్తార్‌కు మార్చాలో, ఏది తగ్గించాలో, ఎవరు రోజా ఉండకూడదో చెప్పాల్సింది పక్కింటివాళ్లు కాదు, డాక్టరే. ఆలోపు మనం ఇంట్లో అడగాల్సిన ప్రశ్న ఒకటే: అమ్మీ, నీ గోళీ పేరేంటి, ఏ టైముకు వేసుకుంటున్నావు?