గజ్జి కుక్క అని తీసిపారేసే ముందు...

కుక్క చర్మానికి ఏమొచ్చినా మన దగ్గర ఒకటే మాట: గజ్జి. బొచ్చు ఊడినా గజ్జే, పుండు పడినా గజ్జే, చెవి కంపు కొట్టినా గజ్జే. ఏ ఎర్రర్ వచ్చినా "సర్వర్ ప్రాబ్లం" అని మెయిల్ కొట్టే క్లయింటు లాగా అన్నమాట :) ఈ ఒక్క మాట వల్లే సగం కుక్కలకి తప్పుడు వైద్యం జరుగుతోందని నా అభిప్రాయం.

అసలు గజ్జి సార్కోప్టిస్ అనే కంటికి ఆనని పురుగు వల్ల వస్తుంది. అది చర్మంలోకి తొలుచుకుపోయి గుడ్లు పెడుతుంది. చెవి అంచులు, మోచేతులు, పొట్ట కింద మొదలవుతుంది. కుక్క నిద్ర మానేసి మరీ గోక్కుంటుంది. చెవి అంచుని వేళ్ళతో కాస్త రుద్ది చూడండి, వెనక కాలు దానంతటదే గోకినట్టు ఆడితే అనుమానించాల్సిందే. ఇది పక్క కుక్కకి అంటుతుంది, ఎత్తుకుని తిరిగితే మనకీ కొన్నాళ్ళు దద్దుర్లు వస్తాయి.

డెమోడెక్స్ కథ వేరు. ఆ పురుగు ఆరోగ్యంగా ఉన్న కుక్కల వెంట్రుక కుదుళ్ళలో కూడా ఉంటుంది, పుట్టిన మొదటి రోజుల్లోనే తల్లి నుంచి వస్తుంది. నిరోధక శక్తి తగ్గితే విజృంభిస్తుంది. కళ్ళ చుట్టూ, మూతి మీద, ముందు కాళ్ళ మీద బొచ్చు పోతుంది, మొదట్లో దురద పెద్దగా ఉండదు. మనుషులకి అంటదు. అంటే మనం రాళ్ళేసి తరిమే బోడి కుక్కపిల్లల్లో కొన్నిటివల్ల మనకి ఏ ప్రమాదమూ లేదు! పైగా కొందరు దాన్ని పిచ్చికుక్క అనేస్తారు. రేబీస్ కి, గజ్జికి ఏ సంబంధమూ లేదండీ.

ఇక మన బెజవాడ. ఎండ సంగతి సరే, అసలు సమస్య వానాకాలం ఉక్క. చుట్టూ కాలవలు, వరిచేలు. ఈ చెమ్మలో మలసీజియా అనే ఈస్టు పండగ చేసుకుంటుంది. చెవుల్లో, వేళ్ళ మధ్య, మెడ మడతల్లో జిడ్డు, ముక్క వాసన, ముదిరితే చర్మం నల్లబడి ఏనుగు తోలులా మందమవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి కదా, అలా తడిసి ఆరకుండా ఉన్న చర్మం తొందరగా చెడుతుంది. దట్టమైన బొచ్చున్న జాతులకైతే స్నానం చేయించి సరిగా ఆరబెట్టకపోయినా చాలు, ఒక్క రోజులో చెమ్మ పుండు తేలొచ్చు. హైకు రాగానే సైబీరియా హస్కీని కొని పటమట ఫ్లాటులో పెట్టే మనవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు.

పిడుదుల్ని కూడా దురదతో పోయేదే అనుకోకండి. అవి ఎర్లీకియాని రక్తంలోకి ఎక్కిస్తాయి. జ్వరం, తిండి మానడం, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం.

నాకు ఒళ్ళు మండేది వైద్యం దగ్గర. మెకానిక్ షెడ్డు నుంచి కాలిన ఇంజనాయిల్ తెచ్చి పూస్తారు. కుక్క నాకకుండా ఉంటుందా? చర్మం కాలుతుంది, లోపలికి పోయింది విషమవుతుంది. గంధకం పూసేవాళ్ళం కదా అంటారా, అది వేరు, సున్నం గంధకం ద్రావణాన్ని డాక్టర్లూ వాడతారు. రెండోది స్టెరాయిడ్ ఇంజక్షన్. రెండ్రోజుల్లో దురద ఆగుతుంది, టికెట్ క్లోజ్. లోపల ఉన్నది డెమోడెక్స్ అయితే నిరోధక శక్తి ఇంకా పడిపోయి ఒళ్ళంతా పాకుతుంది.

బ్లేడుతో చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూడటానికి కొన్ని నిమిషాలు చాలు. అడగండి, మొహమాటపడకండి. గజ్జి పురుగు ఒక్కోసారి గీకినా దొరకదు, అప్పుడు లక్షణాలు చూసి మందు ఇస్తారు, అది తప్పు కాదు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, సిటీకి మరీ దూరమేమీ కాదు.

ఐవర్‌మెక్టిన్ మాత్రం సొంతంగా వెయ్యకండి. కోలీ జాతుల్లో చాలావాటికి ఒక జన్యులోపం వల్ల అది మెదడులోకి చేరి ప్రాణం మీదకి వస్తుంది. 2014 ప్రాంతంలో వచ్చిన ఫ్లురాలనర్ లాంటి నమిలే మాత్రలు రెండు రకాల పురుగుల మీదా బాగా పనిచేస్తున్నాయి. ఫిట్స్ వచ్చే కుక్కలకి జాగ్రత్త, డోసు బరువుని బట్టి డాక్టరే చెప్పాలి. దగ్గరికి రానివ్వని వీధి కుక్కకి కూడా కోడి ముక్కలో పెట్టి వెయ్యొచ్చు.