మనవాడైతే అడగకూడదా?

అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యారని మన జిల్లావాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆ పదవికి ఆయన తగినవారేనా అని అడిగితే మాత్రం ‘మనవాణ్ణి మనమే తక్కువ చేసుకుంటామా’ అంటారు. ఇంటి పరువు పేరుతో ఆడవాళ్ల నోరు మూయించే మాట కూడా ఇదే కదా!

సందేహాలకు కారణాలు లేకపోలేదు. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో, ముఖ్యమంత్రి రాజకీయ కక్షతో వ్యవహరించారన్న ఆరోపణకు ఆయన అఫిడవిట్ వేసి జవాబివ్వలేదని సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. 1964లో ఆయన రాజీనామా చేశారు. అది గౌరవప్రదమే. అయితే 1969లో కాంగ్రెస్ ఆయన్ని రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబెట్టినప్పుడు అధికార వినియోగం గురించిన చర్చ వెనక్కి పోయింది. ఆయన సిండికేట్ మనిషా, ఇందిరాగాంధీ మాట వింటారా అన్నదే తగాదా. ఆయన పేరు ప్రతిపాదించిన ఇందిరే చివరికి అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. వి.వి.గిరి గెలిచారు.

1975 జూన్ 25 రాత్రి, మంత్రివర్గం సమావేశం కాకముందే, అత్యవసర పరిస్థితి ప్రకటనపై రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టారు. ఆ చీకటి రోజులు గడిచాకైనా, సంతకానికి ముందు ప్రశ్నించే మనిషి ఎవరని వెతకాలి కదా? 1977లో 37 నామినేషన్లు వస్తే 36 తిరస్కరించారు. సంజీవరెడ్డి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఓటింగే జరగలేదు. జరిగినా, రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎంపీలూ ఎమ్మెల్యేలే. నాటి లోక్‌సభలో స్త్రీలు 19 మంది మాత్రమే.

అడగని ప్రశ్నకు మూల్యం 1979లో తెలిసింది. చరణ్‌సింగ్ లోక్‌సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా చేశారు. జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్‌రామ్ తనకు అవకాశం ఇమ్మన్నారు. రెండు రోజులకే సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు. ఒక దళితుడు ప్రధాని అయ్యే దారి అక్కడితో మూసుకుపోయింది.

ఎవరికీ స్పష్టమైన మెజారిటీ లేదు, నిర్ణయం రాష్ట్రపతి విచక్షణకే వదిలేయాలి అని ఆయన్ని సమర్థించేవారు అంటారు. ఆ మెజారిటీని తేల్చాల్సింది లోక్‌సభ కాదా? అంత విచక్షణ ఒక్క మనిషి చేతిలో ఉన్నప్పుడు, ఆ మనిషి గురించి ముందే నిలదీసి అడగొద్దా?

2007లో ప్రతిభా పాటిల్, 2022లో ద్రౌపది ముర్ము రాష్ట్రపతులయ్యారు. సంతోషమే. కానీ స్త్రీ అయినంత మాత్రాన ఈ ప్రశ్న తప్పిపోదు. మన ఊరివాడా, మన కులంవాడా, ఆడమనిషా అన్నవి తర్వాతి సంగతులు. అధికారం ముందు ‘ఆగండి’ అనగలరా? ముందు అది అడుగుదాం.