పెరుగు మానినవారి బలము

పాలు, పెరుగు, నెయ్యి మూడూ విడిచిపెట్టి, తెల్లవారక ముందే లేచి దండెములు, బస్కీలు తీసే కుర్రవాళ్ళు ఇప్పుడు మన ఆరణిలోనూ కనబడుతున్నారు. మాంసము తినకపోవడము మన ఇళ్ళలో కొత్త కాదు. పెరుగన్నము తినకపోవడమే వింత. "చివర పెరుగు ముద్ద లేనిదే అది భోజనమా? ఇట్లా తిని కసరత్తు చేస్తే పిల్లవాడు ఏమైపోతాడు?" అని మన సంఘములోని తల్లులు ఇద్దరు ముగ్గురు మమ్మల్ని అడిగారు. ఈ నెల ఆ సంగతే విచారిద్దాము.

ఈ పద్ధతికి 'వీగన్' అని పేరు పెట్టినది ఇంగ్లండులో డోనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, ఆయన మిత్రులూ. అది 1944వ సంవత్సరము. జంతువుల నుండి వచ్చేది ఏదీ తినరాదని నియమము. తేనె కూడా కూడదు. మన కోడి రామమూర్తి నాయుడుగారు (1882–1942) శాకాహారి కారా అని కుర్రవాళ్ళు వాదిస్తారు. అవును, శాకాహారియే. కాని శాకాహారము వేరు, ఇది వేరు. మన గరిడీలలో వస్తాదుల బలము పాలు, నెయ్యి, బాదముపప్పుల మీద నడిచినది గనుక ఆయన పేరు ఇక్కడ సాక్ష్యానికి పనికిరాదు. సాక్ష్యమే కావలెనంటే అమెరికాలో స్కాట్ జూరెక్ ఉన్నాడు. నూరు మైళ్ళ కొండదారి పరుగు పందెములో 1999 నుండి 2005 వరకు వరుసగా ఏడు మార్లు గెలిచినవాడు. ఆ పందెములు గెలిచిన కాలములోనే పాలు సైతము మానివేశాడు. కాబట్టి ఇది కానిపని కాదు. తెలిసి చేయవలసిన పని.

కసరత్తు చేసి నీరసపడే కుర్రవాణ్ణి చూడగానే అందరూ "మాంసకృత్తులు చాలలేదు" అంటారు. మాకు తోచినంతవరకు, చాలామంది విషయములో చాలనిది అసలు తిండే. కూరగాయలు, ఆకుకూరలు కడుపు త్వరగా నింపుతాయి, కాని శక్తి తక్కువ ఇస్తాయి. నెయ్యి, పెరుగు పోయినచోట వాటి బదులు ఏదో ఒకటి రావాలి గదా! గుప్పెడు వేరుసెనగలు, కొబ్బరి, నువ్వుల పొడి, రెండు అరటిపళ్ళు – ఇవి వస్తే నీరసము సగము తగ్గుతుంది. మన తిరువళ్ళూరు జిల్లాలో వేరుసెనగ పండుతూ ఉండగా పట్టణము నుండి డబ్బా పొడులు తెప్పించడము ఎందుకో మాకు తెలియదు.

ఇక మాంసకృత్తుల లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారము కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాము. అరవై కిలోల మనిషికి ఏబది గ్రాములు. బరువులెత్తేవాళ్ళకు కిలోకు 1.2 గ్రాములకు తగ్గకూడదంటారు. అంటే డెబ్బది రెండు. మూడు వందల గ్రాముల బియ్యములో ఇరవై రెండు, నూరు గ్రాముల కందిపప్పు, సెనగలు, ఉలవలలో మరి ఇరవై రెండు, ఏబది గ్రాముల వేరుసెనగలో పన్నెండు, ముప్పది గ్రాముల సోయా గింజలలో పది, పదకొండు, కాస్త రాగి పిండిలో మూడో నాలుగో. లెక్క ఇంచుమించు సరిపోయినది. బియ్యములో కొదవైనది పప్పులో ఉంటుంది, పప్పులో కొదవైనది బియ్యములో ఉంటుంది. మన పెద్దలు ఇడ్లీకి మినుములు కలిపినది ఈ లెక్క చూసి కాదు గాని, లెక్క మాత్రము కుదిరినది. నవరాత్రి గుగ్గిళ్ళను తొమ్మిది రోజులతో ఆపకుండా ఏడాది పొడుగునా సాయంత్రము చేసిపెట్టండి.

పాలు పోతే సున్నము పోతుందని భయపడతారు. రాగులు నూరు గ్రాములలో సుమారు 360 మిల్లీగ్రాములు ఉన్నది. నువ్వులలో అంతకంటె ఎక్కువ. ఆడి మాసములో పెరియపాళెము భవాని అమ్మవారి తిరునాళ్ళ రోజులలో మన ప్రాంతమంతటా కాచి పోసే కూళు ఇందుకు మంచిది. దానిలో మజ్జిగ లేకపోతే ఎట్లా అంటారేమో. ముందునాడు పులియబెట్టిన పిండి గనుక పులుపు దానిలోనే ఉంటుంది; ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరప చాలును. భోజనము వెంటనే కాఫీ, టీ తాగితే ఆహారములోని ఇనుము ఒంటబట్టదు. ఒక గంట ఆగి తాగండి. అన్నములో నిమ్మకాయ పిండుకోండి.

ఇంతవరకు వంటింటిలో తీరేవి. వంటింటిలో తీరనిది ఒకటున్నది, అది బి-12 విటమిను. మొక్కలలో అది నమ్మదగినంత లేదు. పులిసిన ఇడ్లీపిండిలో ఉంటుందని కొందరంటారు, దాన్ని నమ్ముకోరాదు. పైగా ఇది మోసపుచ్చే లోటు. కాలేయములో నిలవ ఉన్నది రెండు మూడేళ్ళు సరిపోవచ్చును. మొదటి ఏడు కుర్రవాడు "చూడండి, నాకేమైనది!" అని దండ చూపుతాడు. ఆ తరువాత అరికాళ్ళు తిమ్మిరెక్కడము, అడుగు తడబడడము, మతిమరపు మొదలౌతాయి.

ఇక్కడ భీమవరములో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని (1895–1948) తలుచుకోవాలి. అన్నగారిని స్ప్రూ వ్యాధి బలిగొన్నది. మదరాసులో వైద్యము చదివి అమెరికా వెళ్ళిన తమ్ముడు, లెడర్లీ సంస్థలో తన బృందముతో 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేశారు. ఆకుకూరలలోనూ, పప్పులలోనూ అది పుష్కలము. ఒక రకము రక్తహీనతకు అది దివ్యౌషధము. కాని బి-12 లోపించినవారికి రక్తమును మాత్రమే సరిచేస్తుంది, నరములను కాపాడలేదు. ఆకుకూరలు బాగా తినే మన కుర్రవాడి రక్తపరీక్షలో రక్తము నిండుగానే కనబడి, లోపల నరములు చెడుతూ ఉండవచ్చును. బి-12ను విడదీసినది సరిగ్గా సుబ్బారావుగారు పోయిన 1948లోనే.

కాబట్టి ఈ పద్ధతి పట్టినవారు మొదటి నెల నుండే వైద్యుని అడిగి బి-12 మాత్ర వేసుకోవలెను. తిమ్మిరి వచ్చాక చూద్దామంటే కుదరదు. చెడిన నరము కొన్ని సమయాలలో పూర్తిగా తేరుకోదు. పాలు తాగే శాకాహారులలోనూ ఈ లోటు చాలామందికి ఉన్నది గనుక, అడిగిన తల్లులు తామూ ఒకసారి పరీక్ష చేయించుకోవడము మంచిది. మాత్ర జంతువుల నుండి తీసినదేమోనని కుర్రవాళ్ళకు శంక వద్దు. సూక్ష్మజీవులను పెంచి తయారుచేస్తారు. గొట్టము మాత్ర అయితే పైతొడుగు జిలటినుది కావచ్చు, అది జంతువుల ఎముకల నుండి, చర్మము నుండి తీసేది. బిళ్ళ మాత్ర ఇమ్మని అడగండి.